ఆ పూలగుత్తి పట్టుకున్నది ఎవరు? మానే ‘ఒలింపియా’ను లోకం చదువుతూ వచ్చిన తీరు: ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకు యూరప్, అమెరికా కళా చరిత్ర చెబుతుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: “ఒకే బొమ్మకి ఇన్ని రకాల అర్థాలు చెబుతున్నారు కదా మేడమ్, ఇందులో ఏది కరెక్ట్?” దీనికి సిద్ధాంతాలతో జవాబు చెబితే నోట్స్ రాసుకుంటారు, పరీక్షలో తిరిగి రాస్తారు, అక్కడితో సరి. ఒక్క బొమ్మని పట్టుకుని, దాన్ని మొదటిసారి చూసినవాళ్ల దగ్గర నుంచి ఇప్పటివాళ్ల దాకా ఎవరు ఏం చూశారో వరుసగా చూపిస్తే మాత్రం ప్రశ్నే మారిపోతుంది. ఈ పనికి నేను ఎంచుకున్న బొమ్మ ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడువార్డ్ మానే వేసిన ‘ఒలింపియా’. దాన్ని ఎలా చెబుతానో, అందులో నాకు ఏం తేలిందో ఇక్కడ రాస్తున్నాను.

క్లాసులో మొదట పేరు చెప్పను, ఏడాది చెప్పను. బొమ్మని తెర మీద పెట్టి, కనిపించింది కనిపించినట్టు రాయమంటాను. అర్థాలు వద్దు, వస్తువులు చాలు. తెల్లటి పరుపు మీద నగ్నంగా ఒక యువతి. మెడకి నల్లటి రిబ్బను, చేతికి కడియం, జుట్టులో పువ్వు. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకోటి జారిపోయింది. ఎడమ చెయ్యి తొడ మీద గట్టిగా ఆనించి ఉంది. చూపు సూటిగా మన మీదే. ఆమె వెనక, తలకి గుడ్డ చుట్టుకుని లేత గులాబీ రంగు గౌను వేసుకున్న నల్లజాతి స్త్రీ, తెల్ల కాగితంలో చుట్టిన పూలగుత్తిని చూపిస్తోంది. కుడి చివర, పరుపు మీద, తోక నిక్కబొడుచుకున్న నల్ల పిల్లి.

ఈ జాబితాని పక్కన పెట్టుకోమంటాను. ఆ తర్వాత ఒక్కో కాలం వ్యాఖ్యానం చదివినప్పుడల్లా ఒకే ప్రశ్న వేస్తాను: ఆ పూలగుత్తి పట్టుకున్న మనిషి గురించి ఈ వ్యాఖ్యానం ఏం చెబుతోంది? ఈ కేసులో నేను వాడే పనిముట్టు ఇదొక్కటే. ఎందుకంటే బొమ్మలో దాదాపు సగం ఆమెది. ఇద్దరు మనుషులున్న బొమ్మని వివరించి ఒకరిని వదిలేస్తే, వదిలేసింది ఎవరినో, ఎందుకో అడగాలి.

1865: తిట్టినవాళ్లకి కనిపించింది

మానే దీన్ని 1863లో వేశాడు. ఎత్తు సుమారు 130 సెంటీమీటర్లు, వెడల్పు 190. రెండేళ్లు తన దగ్గరే ఉంచుకుని 1865లో పారిస్ సలోన్‌కి పంపాడు. సలోన్ అంటే ప్రభుత్వం తరఫున జరిగే పెద్ద ప్రదర్శన. చిత్రకారుడికి పేరైనా, అమ్మకాలైనా అక్కడి నుంచే రావాలి. బొమ్మ చూసి జనం నవ్వారు, కోప్పడ్డారు. కాపలా పెట్టాల్సి వచ్చింది. చివరికి దాన్ని సరిగ్గా కనిపించనంత ఎత్తులో, ఒక గుమ్మం పైన వేలాడదీశారు. పత్రికల వాళ్లలో ఒకరు మంచం మీది యువతిని ఆడ గొరిల్లాతో పోల్చారు. ఇంకొకరికి శవాల గది గుర్తొచ్చింది.

ఇక్కడ విద్యార్థులు సహజంగా అనుకునేది, గొడవ నగ్నత్వం గురించి అని. కాదు. రెండేళ్ల ముందు, 1863 సలోన్‌లో కబనెల్ అనే చిత్రకారుడు వేసిన ‘వీనస్ జననం’ వేలాడింది. అందులో వీనస్ సముద్రపు అలల మీద నగ్నంగా పడుకుని ఉంటుంది. దాన్ని చక్రవర్తి మూడో నెపోలియన్ స్వయంగా కొన్నాడు. దేవతగా, పురాణంగా వచ్చిన నగ్నత్వానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఒలింపియా దేవత కాదు. అది అప్పటి పారిస్‌లో వేశ్యలు పెట్టుకునే పేర్లలో ఒకటి. రిబ్బను, చెప్పులు, పూలగుత్తి అన్నీ ఆ కాలపు పారిస్‌వే. ఎవరో ఒక మగవాడు పూలు పంపాడు. అవి ఇప్పుడే వచ్చాయి. ఆమె చూస్తోంది చూసేవాడి వైపు. ఆ గదిలోకి వచ్చినవాడి స్థానంలో తానే నిలబడి ఉన్నానని సలోన్ ప్రేక్షకుడికి అర్థమైంది. టెన్షన్ అంతా అక్కడుంది.

ఈ దశలో ఇటలీ చిత్రకారుడు టిషియన్ 1538లో వేసిన ‘ఉర్బీనో వీనస్’ని పక్కన పెట్టి చూపిస్తాను. మానే కుర్రవాడిగా ఫ్లోరెన్స్‌లో దీనికి నకలు వేసుకున్నాడు. భంగిమ అదే, పరుపు అదే, ఎడమ చెయ్యి ఉన్న చోటూ అదే. టిషియన్‌లో కాళ్ల దగ్గర నిద్రపోయే కుక్కపిల్ల ఉంది, మానేలో ఒళ్లు విరుచుకున్న పిల్లి. టిషియన్‌లో పనివాళ్లు వెనక ఎక్కడో పెట్టెలో బట్టలు వెతుకుతుంటారు. మానేలో పనిమనిషి ముందుకొచ్చేసింది, మంచాన్ని ఆనుకుని నిలబడింది. ఇంత స్పష్టంగా ఉన్నా 1865లో రాసిన విమర్శకుల్లో టిషియన్‌ను గుర్తుపట్టినవాళ్లు అతి కొద్దిమంది. చదువుకున్నవాళ్లే, ఇటలీ తిరిగినవాళ్లే. కోపంతో చూసే కంటికి పోలిక అందలేదని నేను అనుకుంటాను.

మరి పూలగుత్తి పట్టుకున్న మనిషి? 1865 వాళ్లకి ఆమె బాగానే కనిపించింది. కార్టూన్లు గీసినవాళ్లు, బెర్తాల్, షామ్ లాంటివాళ్లు, ఆమెనీ పిల్లినీ పూలగుత్తినీ ఇంకా పెద్దవి చేసి గీశారు. ముఖాన్ని వికారంగా మార్చారు. జాత్యహంకారం దాచుకోకుండా బయటపడింది. సలోన్ క్యాటలాగులో బొమ్మ కింద అచ్చయిన కవితా పంక్తులు మానే మిత్రుడు జకారీ అస్త్రూక్ రాసినవి. వాటిలో ఆమె ‘మృదువైన నల్లని దూత’, వెంటనే ‘బానిస’. ఫ్రాన్స్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది 1848లో. అంటే రద్దయిన పదిహేడేళ్లకి, పారిస్‌లో కూలి తీసుకుని పనిచేసే మనిషిని ఆ బొమ్మ అభిమానే బానిస అన్నాడు. ఇది నేను క్లాసులో రెండుసార్లు చదివిస్తాను.

జోలా: మెచ్చుకున్నవాడు చేసిన నష్టం

ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు 1867. నవలాకారుడు ఎమిల్ జోలా మానేని సమర్థిస్తూ రాశాడు. గట్టిగా, ప్రేమతో, ధైర్యంగా రాశాడు. ఆయన వాదన సారం ఇది: మీకు ఒక నగ్న శరీరం కావాలి, ఎదురుపడిన ఒలింపియాని తీసుకున్నారు, వెలుతురు మచ్చలు కావాలి, పూలగుత్తి పెట్టారు, నల్లటి మచ్చలు కావాలి, ఒక మూలన నల్లజాతి స్త్రీనీ పిల్లినీ పెట్టారు, వీటన్నిటికీ అర్థమేమిటో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

దీని బలం ఎంతటిదో చిత్రకారులకి వెంటనే తెలుస్తుంది. బొమ్మని కథ నుంచి విడదీసి రంగుగా చూడమంటున్నాడు జోలా. నిజంగానే అలా చూస్తే ఎంతో కనిపిస్తుంది. దుప్పటి తెలుపు, శాలువా తెలుపు, కాగితం తెలుపు, గౌను గులాబీ కలిసిన తెలుపు ఏవీ ఒకటి కాదు. ఒకటి చల్లగా నీలం వైపు పోతుంది, ఒకటి వెచ్చగా మీగడ వైపు. ఒంటి మీద మధ్య ఛాయలు దాదాపు లేవు. వెలుగు ముందు నుంచి నేరుగా పడటంతో శరీరం చదునుగా, అంచులు గీత గీసినట్టుగా కనిపిస్తాయి. పెయింటింగ్ విద్యార్థులకి ఈ పాఠం ఇప్పటికీ అవసరం. నేను దీన్ని వదులుకోను.

అయితే మా ప్రశ్న వేసి చూడండి. పూలగుత్తి పట్టుకున్న మనిషి ఎవరు? జోలా జవాబు: ఒక మచ్చ. పిల్లితో సమానమైన మచ్చ. 1865లో తిట్టినవాళ్లు ఆమెని చూశారు, ద్వేషంతోనైనా చూశారు. 1867లో మెచ్చుకున్నవాడు ఆమెని చెరిపేశాడు. విద్యార్థులకి నేను మొదట చెప్పేది, వ్యాఖ్యానాలు అజ్ఞానం నుంచి జ్ఞానం వైపు మెట్టు మెట్టుగా ఎక్కుతాయని అనుకోవద్దని. కొన్ని మెట్లు పైకి, కొన్ని కిందికి. ఒక బొమ్మని కాపాడటానికి ఎంచుకున్న వాదన ఆ బొమ్మలోనే ఒకరిని బలిపెట్టొచ్చు.

జోలా చూపు వందేళ్లు నిలిచింది. 1960లో అమెరికన్ విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ మానే బొమ్మలని మొదటి ఆధునిక చిత్రాలు అన్నాడు. కారణం, అవి తాము ఏ చదును ఉపరితలం మీద ఉన్నాయో దాచుకోకుండా చెబుతాయని. న్యూయార్క్‌లో అమూర్త చిత్రకళ జోరుగా ఉన్న రోజులవి. ఆ కళకి ఒక వంశవృక్షం కావాలి, దానికి మూలపురుషుడిగా మానే సరిపోయాడు. ఆ చదువులో ఇద్దరు స్త్రీలూ మాయమయ్యారు, కాన్వాస్ మిగిలింది.

ఈ మధ్యలో బొమ్మ గౌరవం కూడా మారింది. మానే 1883లో చనిపోయేనాటికి అది అమ్ముడుపోలేదు. అమెరికన్ కొనుగోలుదారు చేతికి పోతుందన్న భయంతో చిత్రకారుడు క్లోడ్ మోనే చందాలు పోగుచేసి, మానే భార్య దగ్గర కొని, 1890లో దేశానికి ఇప్పించాడు. మొదట లక్సెంబర్గ్ మ్యూజియం, 1907లో ప్రధాని క్లెమెన్సో ఆదేశంతో లూవ్ర్, 1986 నుంచి ఓర్సే మ్యూజియం, అన్నీ పారిస్‌లోనే. లూవ్ర్‌కి చేరాక ఇక దాన్ని తిట్టడం కుదరదు. క్లాసిక్ అయిపోయింది. క్లాసిక్ అయిన బొమ్మని జనం ఆగి చూడటం తగ్గుతుంది కూడా.

1984 నుంచి ఇప్పటిదాకా

1984లో కళా చరిత్రకారుడు టి. జె. క్లార్క్ ఈ బొమ్మని మళ్లీ పారిస్ వీధుల్లోకి తెచ్చాడు. 1865 నాటి సమీక్షలన్నీ ఓపికగా చదివి, అంత కోపం ఎందుకో వెతికాడు. ఆయనకి తేలింది వర్గం. వేశ్య అంటే ప్రేక్షకుడికి తెలిసిన బొమ్మలు రెండే: ధనికుల ఉంపుడుగత్తె, లేదా దిక్కులేని వీధి మనిషి. ఒలింపియా ఈ రెండిట్లో ఇమడదు. తన ఒంటిని అమ్ముకునే కార్మికురాలిగా, తన మీద తనకి అధికారం ఉన్నదానిలా చూస్తుంది. ఆ నగ్నత్వంలో వర్గం కనిపించడమే గొడవకి మూలం అంటాడు క్లార్క్. నాకు ఈ చదువు అంటే ఎంతో గౌరవం. కళా చరిత్రని సమీక్షలు, పోలీసు నిబంధనలు, వీధుల చరిత్ర పక్కన పెట్టి ఎలా చదవాలో దీన్నించే నేర్చుకున్నాను.

కానీ పూలగుత్తి పట్టుకున్న మనిషి? క్లార్క్ కూడా దాదాపు ఏమీ అనలేదు. ఆ సంగతి ఆయనే 1999 నాటి మలి ముద్రణ ముందుమాటలో రాసుకున్నాడు. మంచం మీది తెల్ల స్త్రీ గురించి యాభై పేజీలు రాసి, పక్కనే ఉన్న నల్ల స్త్రీని పట్టించుకోలేదేమిటని ఒక మిత్రుడు నిలదీశాడట. వర్గం గురించి అంత పదునుగా చూసిన మనిషి, కూలికి నిలబడి పనిచేస్తున్న స్త్రీనే దాటిపోయాడు. ఒక కొత్త చూపు దొరికితే అది అన్నీ చూపిస్తుందని నమ్మేవాళ్లకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

ఆ ఖాళీని ఎత్తి చూపినవాళ్లలో ముందుండేది అమెరికన్ కళాకారిణి లొరేన్ ఓ’గ్రేడీ. 1992లో ఆమె రాసిన వ్యాసం పేరులోనే ఒలింపియా పనిమనిషి ఉంది. పశ్చిమ దేశాల ఊహలో స్త్రీ శరీరం ఒకటి కాదు, నాణేనికి రెండు ముఖాల్లాంటిది, ఒకవైపు తెలుపు, రెండోవైపు నలుపు అంటుంది ఆమె. తెల్ల స్త్రీ ఏమిటో చెప్పడానికి నల్ల స్త్రీ కావాలి, చెప్పాక ఆమె వెనకాల తెరలో కలిసిపోవాలి. ఫెమినిస్టులు మంచం మీది స్త్రీని విముక్తి చేసే పనిలో నిలబడి ఉన్న స్త్రీని మర్చిపోయారన్న ఆరోపణ ఇందులో ఉంది. అది న్యాయమైన ఆరోపణ.

ఇక మిగిలిన అడుగు ఆమెని ప్రతీకగా కాకుండా మనిషిగా చూడటం. మానే జేబు పుస్తకంలో ఒక రాత ఉంది: లోర్, చాలా అందమైన నల్లజాతి స్త్రీ, 11 ర్యూ వాంతిమీల్, మూడో అంతస్తు. పేరు, చిరునామా, మేడ మెట్లతో సహా ఉన్నాయి. ఈ రాత పరిశోధకులకి చాలా ముందే తెలుసు. తెలిసినా దాన్నుంచి ప్రశ్న పుట్టలేదు. ఆ ప్రశ్నని ప్రదర్శనగా మార్చింది కళా చరిత్రకారిణి డెనీస్ మురెల్. 2018లో కొలంబియా యూనివర్సిటీ గ్యాలరీలో ఆమె పెట్టిన ప్రదర్శన లోర్ నుంచి మొదలై ఫ్రెంచ్ చిత్రకారుడు మాటిస్, ఆ తర్వాతి కళాకారుల దాకా నల్లజాతి మోడల్ చరిత్రని గీసింది. లోర్ ఉన్న ఆ పేట మానే స్టూడియోకి దూరం కాదు. బానిసత్వ రద్దు తర్వాత నల్లజాతి పారిస్ వాసులు కొందరు ఆ ఉత్తర పేటల్లోనే స్థిరపడ్డారు. లోర్ మానే వేసిన ఇంకో రెండు బొమ్మల్లోనూ ఉంది. వాటిలో ఒకటి ఆమె ముఖచిత్రం, ఇప్పుడు ఇటలీలోని ట్యూరిన్‌లో ఉంది.

మురెల్ చెప్పేదాంట్లో నాకు బాగా నచ్చేది బట్టల గురించిన గమనిక. అప్పటి ‘తూర్పు దేశపు’ బొమ్మల్లో నల్లజాతి సేవకురాలు అర్ధనగ్నంగా, నగలతో, అంతఃపురంలో ఉండేది. లోర్ అలా లేదు. ఒళ్లంతా కప్పిన యూరప్ గౌను వేసుకుంది, తలగుడ్డ మాత్రం కరీబియన్ దీవుల తీరు. అంటే మానే ఆమెని తన ఊరి శ్రామిక స్త్రీగానే వేశాడు. అయినా ముఖాన్ని వెనకటి చీకటిలోకి కలిపేశాడు. రెండూ నిజమే. మానేని పూర్తిగా వెనకేసుకు రావడానికో, పూర్తిగా దోషిని చేయడానికో ఈ బొమ్మ సాయపడదు.

2019లో ఓర్సే మ్యూజియం నల్లజాతి మోడల్ గురించి పెద్ద ప్రదర్శన పెట్టి, ఆ కొన్ని నెలలు ఒలింపియా పేరుని ‘లోర్’గా మార్చింది. దీనిపై మా క్లాసులో ప్రతిసారీ వాదన జరుగుతుంది. నా అభిప్రాయం: తాత్కాలికంగా చేయడం మంచి పని, ఎందుకంటే సందర్శకుడి కన్ను వెంటనే ఎడమ నుంచి కుడికి కదిలింది. శాశ్వతంగా మాత్రం వద్దు. పాత పేరు కూడా సాక్ష్యమే. ఆ ఇద్దరిలో ఎవరి పేరు బొమ్మకి పెట్టారో తెలియాలంటే అది ఉండాలి.

క్లాసులో తేలినవి

మొదటిది సాంకేతికమైనది, కానీ చిన్నది కాదు. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఈ బొమ్మ నల్లగా అచ్చయ్యేది, స్లైడ్లలో ఇంకా నల్లగా. గౌను, పూలగుత్తి కనిపించేవి, ముఖం ఉండాల్సిన చోట చీకటి. మంచి రిజల్యూషన్ ఉన్న ఫోటో తెచ్చి ముఖం దగ్గరికి జూమ్ చేస్తే కానీ చెవి పోగు, కళ్లు తిప్పిన దిక్కు, ఒలింపియా వైపు వంగిన భంగిమ తెలియవు. మనం ఏ నకలు చూసి వ్యాఖ్యానిస్తున్నామో అది వ్యాఖ్యానంలో భాగం. మనలాంటివాళ్లకి ఇది మరీ ముఖ్యం. యూరప్ బొమ్మలు మనలో చాలామందికి అచ్చులోనే పరిచయం. అందుకే ఇప్పుడు ప్రొజెక్టర్ వెలుగు సరిచేయకుండా క్లాసు మొదలుపెట్టను.

రెండోది, మన పిల్లలు మొదట రాసే జాబితాలు. చాలామంది మొదటి నిమిషంలోనే “పనామె” అని రాస్తారు, “ఆమె బట్టలేసుకుంది, ఈమె వేసుకోలేదు, ఎందుకు?” అని రాస్తారు. ఇంట్లో ఇంకొకరి పనితో బతుకు సాగే చోట పెరిగినవాళ్లకీ, అమ్మానాన్నలు ఇంకొకరి ఇంట్లో పనిచేసిన పిల్లలకీ ఆ చోటు ముందే తెలుసు. జోలా చూపు వాళ్లకి అలవాటు కాలేదు కాబట్టి దాన్ని వదిలించుకోవాల్సిన పని కూడా లేదు. కొందరు దీన్ని కులంతో పోల్చి రాస్తారు. ఆ పోలికని నేను ఆపను, కానీ పరీక్ష పెడతాను. లోర్ ఒక మహానగరంలో కూలి తీసుకున్న మోడల్. ఆమె వెనక అట్లాంటిక్ బానిస వ్యాపారపు చరిత్ర ఉంది. అది మన ఊళ్ల చరిత్ర కాదు. పోలిక ప్రశ్న లేవనెత్తితే ఉంచుకోండి, జవాబుగా మారిపోతే పక్కన పెట్టండి అని చెబుతాను. మన అనుభవంతో ఆమెని కప్పేస్తే అది కూడా చెరపడమే.

“ఏది కరెక్ట్?” అన్న ప్రశ్నకి ఇంతవరకూ వచ్చాక వాళ్లే జవాబు తయారుచేస్తారు. ప్రతి వ్యాఖ్యానానికీ పక్కన రెండు వరుసలు రాయిస్తాను: బొమ్మలో దేనికి ఇది లెక్క చెప్పింది, దేన్ని వదిలింది. జోలా తెలుపులకి లెక్క చెప్పాడు, మనిషిని వదిలాడు. క్లార్క్ కోపానికి లెక్క చెప్పాడు, లోర్‌ని వదిలాడు. ఓ’గ్రేడీ లోర్ ఎందుకు మాయమైందో చెప్పింది, రంగు పనితనం మీద ఆగలేదు. అన్నీ సమానమే అనే మాట అప్పుడు ఎవరూ అనరు. ఎక్కువ వాటికి లెక్క చెప్పేది, బొమ్మ దగ్గరికి తిరిగి వెళ్తే నిలబడేది, బలమైనది. 1865 నాటి గొరిల్లా మాట బొమ్మలో దేనికీ లెక్క చెప్పదు. రాసినవాడి గురించే చెబుతుంది.

ఇప్పుడు నా పాఠంలో కొత్తగా చేరుతున్న భాగం మంచం మీది మనిషిది. ఆమె పేరు విక్టోరీన్ మెరాన్, 1844లో పుట్టింది. చాలాకాలం ఆమెని తాగుడుకి బలై తొందరగా పోయిన మోడల్‌గా రాశారు. అది అబద్ధం. 1927 దాకా బతికింది. అంతకన్నా పెద్ద విషయం, ఆమె చిత్రకారిణి. 1876 సలోన్ జ్యూరీ మానే బొమ్మలని తిప్పి పంపి, ఆమె బొమ్మని తీసుకుంది. ఆమె వేసుకున్న స్వీయచిత్రం ఒకటి 2021లో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంకి చేరింది. వచ్చే టర్మ్‌లో విద్యార్థులకి ఆ స్వీయచిత్రాన్ని, ఒలింపియాని, ట్యూరిన్‌లోని లోర్ ముఖచిత్రాన్ని పక్కపక్కన ఇస్తాను. మూడిటికీ అదే రెండు వరుసల పట్టిక వేసుకురావాలి. మానే పేరు ఎత్తకుండా మొదటి పేజీ రాయాలి.